ముందు అడగాల్సిన ప్రశ్న

మన సీఎస్ఈ వాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సిన డాక్టర్ ఒకాయన ఉన్నారు, బెర్నార్దినో రమజ్జిని. 1633లో ఇటలీలోని కార్పిలో పుట్టారు. మోదెనాలో వైద్యం చేసే రోజుల్లో, తన ఇంటి మరుగుదొడ్డి గుంట ఎత్తిపోసే మనిషి ఆగకుండా, హడావిడిగా పనిచేయడం చూసి కారణం అడిగారు. ఆ గుంటలో ఎక్కువసేపుంటే కళ్ళు పోతాయట! ఊళ్ళో ఆ పని చేసినవాళ్ళలో చూపు పోయినవాళ్ళు నిజంగానే ఆయనకి కనిపించారు.

ఆ తర్వాత కుమ్మరులు, అద్దాల పనివాళ్ళు, ఇలా ఎందరి జబ్బులనో వాళ్ళ పనితో కలిపి చూశారు. 1700లో పుస్తకం వేశారు. రోగిని ఏం పని చేస్తావని కూడా అడగాలని డాక్టర్లకి చెప్పారు. 1713 ముద్రణలో రాతగాళ్ళ గురించీ రాశారు: కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఒకేలా ఆడించడం, తప్పు రాకూడదని మనసుకి ఒత్తిడి. నాకైతే మన ల్యాబే కనిపించింది!

1714లో పాదువాలో చనిపోయారు. మణికట్టు నొప్పితో డాక్టర్ దగ్గరికెళ్తే, రోజుకి ఎన్ని గంటలు టైప్ చేస్తామో ఆయన అడక్కపోయినా మనమే చెబుదాం.