పక్కవాద్యాన్ని వేదిక నడుమకు తెచ్చిన ఫిడేలు నాయుడు

విజయనగరం: కర్ణాటక సంగీత కచేరీలో ఫిడేలుది పక్క స్థానం. గాయకుడు పాడిన దాన్ని అనుసరించడమే దాని పని. బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్యుల నుంచి నేర్చి మన సంగీతంలోకి తెచ్చిన నాటి నుంచి శతాబ్దానికి పైగా ఆ వాద్యం అక్కడే ఉండిపోయింది. దాన్ని వేదిక నడుమ నిలిపి, గాత్రం తోడు లేకుండానే సభను మెప్పించిన ఘనుడు ద్వారం వెంకటస్వామినాయుడు.

ఆయన 1893 నవంబరు 8న, దీపావళి నాడు, బెంగళూరులో జన్మించారు. తండ్రి వెంకటరాయుడు సైన్యంలో పనిచేశారు. అనంతరం కుటుంబం విశాఖపట్నం చేరింది. దీపాల పండుగ నాడు పుట్టిన ఆ బాలుడికి చూపు సరిగా ఆనేది కాదు. అందుచేత బడి చదువు సాగలేదు. అన్న వెంకటకృష్ణయ్య తమ్మునికి స్వయంగా ఫిడేలు నేర్పారు. నల్లబల్ల మీది అక్షరం అందని పిల్లవాడికి తంత్రి మీది స్వరం అందింది.

1919లో విజయనగరంలో మహారాజా విజయరామ గజపతిరాజు సంగీత కళాశాలను నెలకొల్పారు. ఆస్థానంలోని ఒక ఉద్యోగి అంధ కుమారుని సంగీతాభిలాషే దీనికి కారణమని చెబుతారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. నాయుడు అక్కడికి విద్యార్థిగా చేరేందుకు వెళ్లారనీ, ఆయన వాదన విన్నవారు శిష్యునిగా గాక ఆచార్యునిగానే నియమించారనీ ఈ ప్రాంతంలో తరచుగా చెప్పుకుంటారు. కథ ఎలా ఉన్నా, చూపు అంతంత మాత్రమైన ఆ యువకుడు అదే ఏడాది ఫిడేలు ఆచార్యుడు కావడం వాస్తవం. 1936లో నారాయణదాసు అనంతరం కళాశాల అధ్యక్ష పదవి ఆయననే వరించింది. ఘంటసాల ఆయన హయాంలోనే అక్కడ చదివారు.

పక్కవాద్యకారునికి గాయకుడు పాడుతున్నంతసేపు ఒక ఆసరా ఉంటుంది. ఒంటరిగా కూర్చుంటే ఆ ఆసరా పోతుంది. రాగాలాపన, కృతి, నెరవు, స్వరకల్పన అన్నీ తానే నడిపించాలి. సాహిత్యం వినిపించదు గనుక మాటల భావాన్ని సైతం కమానే పలికించాలి. పైగా అది మైకులు అంతగా లేని కాలం. ఫిడేలు నాదం సభ చివరి వరుసకు చేరడమే కష్టం. ఆ కొరత తీర్చేందుకు మైసూరు చౌడయ్య ఏడు తంత్రుల ఫిడేలు చేయించుకున్నారు. నాయుడు మాత్రం నాలుగు తంత్రులతోనే సాధించారు. పాశ్చాత్యుల కమాను పద్ధతిని శ్రద్ధగా గమనించి, నిడుపైన కమానుతో, శ్రుతిశుద్ధితో నాదానికి నిండుదనం తెచ్చారు. గమకాన్ని మాత్రం మన సంప్రదాయం నుంచి తప్పనివ్వలేదు. 1938లో వెల్లూరులో తొలి సోలో కచేరీ చేశారు. అప్పటికి ఆయన వయసు నలభై నాలుగేళ్లు దాటింది. అంతకాలం పక్కన కూర్చుని వాయించిన అనుభవమే ఆయనకు అక్కరకు వచ్చి ఉండాలి.

సోలో వాదకుడైనంత మాత్రాన పక్కవాద్యాన్ని ఆయన చిన్నచూపు చూడలేదు. చౌడయ్య, కుంభకోణం రాజమాణిక్యం పిళ్లైలతో కలిపి ఆయనను ఫిడేలు త్రయంగా వ్యవహరించేవారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదునిచ్చింది. 1952లో భారతదేశానికి వచ్చిన ప్రపంచ ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనుహిన్, మద్రాసులో న్యాయమూర్తి పి.వి.రాజమన్నార్ ఇంట ఆయన వాదనను విని ముగ్ధులయ్యారు. పాశ్చాత్య విద్వాంసుడు మన ఫిడేలు వినడానికి కూర్చున్న సందర్భమది. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి.

కుమార్తె ద్వారం మంగతాయారు తండ్రి బాణీని అందిపుచ్చుకుని పేరుపొందిన వాదకురాలయ్యారు. 1964 నవంబరు 25న నాయుడు కన్నుమూశారు. శతజయంతి సంవత్సరమైన 1993లో తపాలా శాఖ ఆయన స్మారక బిళ్లను విడుదల చేసింది.