సి.కె. నాయుడు గారి ఆఖరి ఇన్నింగ్స్

మన మధురవాడ స్టేడియంలో మ్యాచ్ ఉందంటే హాస్టల్లో అందరి నోటా సగటుల మాటే. భారత జట్టు మొట్టమొదటి టెస్ట్ కెప్టెన్ తెలుగువారని మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఆయనే కల్నల్ సి.కె. నాయుడు.

1895 అక్టోబరు 31న నాగపూర్‌లో తెలుగు కుటుంబంలో జన్మించారు. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేశారు. కానీ మన దేశానికి తొలి టెస్ట్ 1932లో గానీ రాలేదు. అప్పటికి ఆయనకు 36 ఏళ్ళు! మంచి వయసంతా టెస్టులు లేకుండానే గడిచిపోయింది.

ఆడినవి 7 టెస్టులు, 14 ఇన్నింగ్స్. ఒక్కసారీ నాటౌట్ లేదు. సగటు 25. చిన్నదే కదా అనిపిస్తుంది. మిత్రులారా, మన లెక్కల మాస్టారు చెప్పినట్టు వెనక్కి వెళ్ళి చూద్దాం. 25ని 14తో గుణిస్తే మొత్తం 350 పరుగులు. ఆఖరి ఇన్నింగ్స్‌లో చేసినవి 81. అవి తీసేస్తే 269. దాన్ని 13తో భాగిస్తే 20.69 మాత్రమే!

1936, ఓవల్ మైదానం. నలభై ఏళ్ళ మనిషి. అలెన్ విసిరిన బంతి ఒంటికి గట్టిగా తగిలినా క్రీజు వదలలేదు. అప్పటికి సగటు 21 కావాలంటే 25 పరుగులు చాలు. ఆపైన సగటు ఒక్కటి పెరగాలంటే మరో 14 పరుగులు చేయాలి. 39కి 22, 53కి 23, 67కి 24, 81కి 25. సరిగ్గా అక్కడ అవుటయ్యారు. ఆ మ్యాచ్ మనం ఓడిపోయాం.

టెస్టులు అయిపోయినా ఆట మానలేదు. 61 ఏళ్ళ వయసులో కూడా రంజీ ఆడారు. 1956లో పద్మభూషణ్ అందుకున్నారు. 1967 నవంబరు 14న ఇండోర్‌లో కన్నుమూశారు.