విప్పుటకు వీలైన పెట్టె : లియో ఫెండరు జీవితము

ఇటీవల మదీనాగూడలో, ముంబాయి రహదారికి చేరువనున్న యొక మేడలో, నా పూర్వ విద్యార్థి యొకడు తన గిటారు ఆంప్లిఫైయరును విప్పి బల్లపై పెట్టుకొని కూర్చుండెను. పగలు కంప్యూటరు కొలువు, రాత్రి గిటారు, ఇది యాతని దినచర్య. పెట్టెలోపల గాజు వాల్వులు వరుసగా నుండెను. మన యిండ్లలో వాల్వు రేడియోలు మూలపడి యేండ్లు గడచినవి గదా, ఇవి యిప్పుడేల యని యడిగితిని. రాక్ సంగీతమునకు వలసిన గరగరలాడు నిండునాదము వీనివలననే పుట్టుననియు, దానిని హెచ్చించుటకే తాను లోపలి భాగములను మార్చుచున్నాననియు నాతడు చెప్పెను. ఆ పెట్టె వంశమును వెదకుచు పోగా నాకు లియో ఫెండరు జీవితము కనబడినది.

క్లారెన్స్ లియోనిడాస్ ఫెండరు 1909 ఆగస్టు 10వ తేదీన, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, నారింజతోట సాగుచేయు రైతుకుటుంబమున జన్మించెను. ఎనిమిదవ యేట కణితి పుట్టుటచే ఎడమకన్ను తీసివేయవలసి వచ్చెను. నాటినుండి గాజుకన్నే యాతనికి గతి. బాల్యముననే రేడియోలపై మోజు పుట్టెను గాని, కళాశాలలో చదివినది మాత్రము జమాఖర్చుల శాస్త్రము. 1930ల ఆర్థికమాంద్యములో లెక్కల కొలువు పోయెను. అప్పుడు బాల్యపు మోజే బ్రదుకుతెరువైనది. 1938లో ఆరువందల డాలర్లు అప్పుచేసి, ఫుల్లర్టన్ పట్టణమున రేడియో మరమ్మతు దుకాణము తెరచెను.

ఆ దుకాణమే యాతని విశ్వవిద్యాలయము. వాద్యకారులు చెడిపోయిన ఆంప్లిఫైయర్లను తెచ్చెడివారు. ఏ భాగము తరచు మాడునో, ఏ అతుకు ఊడునో, ఏ తీగను చేరుటకు పది తీగలను తొలగింపవలెనో ఆతడు చేతులతో తెలిసికొనెను. 1946లో సొంత కంపెనీ స్థాపించెను. 1950లో, బోలు లేని గట్టి కొయ్యతో చేసిన విద్యుత్ గిటారును విపణికి తెచ్చెను. తరువాత దానికి టెలికాస్టర్ అను పేరు స్థిరపడెను. 1951లో విద్యుత్ బాస్ గిటారు, 1954లో స్ట్రాటోకాస్టర్ వెలువడెను. ఇన్ని గిటార్లు చేసిన యా మనుష్యునకు గిటారు వాయించుట రాదు! రాదు గనుకనే ఆతడు వాయించువారిని శ్రద్ధగా వినెను. నమూనాలను వారి చేతికిచ్చి, లోపములను అడిగి తెలిసికొని, మఱల సరిదిద్దెడివాడు.

ఇక పెట్టెలోని మర్మము. వాల్వులో వేడెక్కిన పలక నుండి ఎలక్ట్రానులు వెలువడి యెదుటి పలకకు పోవును. నడుమనున్న జాలికి గిటారు నుండి వచ్చు స్వల్ప విద్యుత్తు నిచ్చినచో, అది ఆ పెద్ద ప్రవాహమును కాలువకు తూమువలె నదుపు చేయును. అట్లు చిన్న తరంగము పెద్దదగును. కాని ప్రతి వాల్వునకును ఒక హద్దు కలదు. హద్దు మీరినచో తరంగ శిఖరములు తెగి చదునగును. అప్పుడు మూలస్వరములో లేని క్రొత్త అతిస్వరములు పుట్టి నాదము గరగరలాడును. ఇంజనీరు దృష్టిలో ఇది దోషము. ఫెండరు ధ్యేయము నిర్మలనాదము. డిక్ డేల్ అను వాద్యకారుడు మితిమీరిన బిగ్గరదనముతో స్పీకర్లను పాడుచేయగా, ఫెండరు మఱింత బలమైన పెట్టెలను నిర్మించెను.

కాలము వేఱొక త్రోవ త్రొక్కినది. బాస్ గిటారు కొఱకు 1952లో ఆతడు బాస్‌మన్ అను పెట్టెను చేసెను. 1962లో లండనులో వాద్యముల దుకాణదారు జిమ్ మార్షల్, ఆతని సహచరులు బాస్‌మన్ పథకమును ఆధారము చేసికొని తమ పెట్టెను కట్టిరి. మొదటి దశలో ఫెండరు వాడిన వాల్వుయొక్క వర్ధనగుణకము దాదాపు నలుబదియైదు. మార్షల్ బృందము వాడినదానికి నూరు. పథకమదే, గొంతు మాఱెను. 1960ల చివర కాలిఫోర్నియాలోనే రాండల్ స్మిత్ అను యువకుడు, ఫెండరు చిన్న పెట్టెయైన ప్రిన్స్‌టన్‌లో బాస్‌మన్ వంటి పెద్ద ట్రాన్స్‌ఫార్మరు నమర్చెను. పిమ్మట తాను చేసిన పెట్టెలలో వర్ధనదశ నొకటి యధికముగా చేర్చెను. దశలు చేరినకొలది బలము కూడదు, గుణింపబడును: ఒక దశ యాబదిరెట్లు, మఱొకటి యాబదిరెట్లు పెంచినచో మొత్తము రెండువేల యైదువందల రెట్లు. ఫెండరు తొలగింపజూచిన దోషమే ఒక తరమునకు సంగీతమైనది.

అందఱును ఈతని పెట్టెనే యేల విప్పిరి? మరమ్మతుకారుడు మరమ్మతుకారుల కొఱకు కట్టిన పెట్టె యది. లోపల భాగములు ఒకే పలకపై వరుసగా నుండును. ఏ తీగ యెటు పోవునో కంటికి తెలియును. ఏ వాల్వు ఎచ్చటిదో తెలుపు చీటి లోపలనే యంటించి యుండును. అయినను విద్యార్థు లొక సంగతి మఱవరాదు: లోపలి విద్యుత్తు నాలుగువందల వోల్టులు దాటవచ్చును, మీట కట్టివేసిన తరువాత గూడ కెపాసిటర్లలో అది ప్రాణాంతకముగా నిలిచి యుండును. తెలిసినవారి పర్యవేక్షణ లేక చేయిపెట్టరాదు.

పరుల పరికరమును విప్పి మనదిగా చేసికొనుట తెలుగువారికి క్రొత్త గాదు. 1956లో ఫెండరు కంపెనీ నాలుగు ఒంటితీగల విద్యుత్ మాండలినును చేసినది. దానితో సంబంధమున్నదని చెప్పుట నా యుద్దేశము గాదు గాని, పాలకొల్లున పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) జంటతీగల మాండలినును విడిచి, అయిదు ఒంటితీగల విద్యుత్ మాండలినుపై కర్ణాటక గమకములను పలికించెను.

ఆరోగ్యము చెడుటచే ఫెండరు 1965 జనవరిలో తన కంపెనీని సి.బి.ఎస్. సంస్థకు పదుమూడు మిలియన్ల డాలర్లకు విక్రయించెను. తరువాత కోలుకొని మఱల పనిలో దిగెను. పార్కిన్సన్ వ్యాధి బాధించుచున్నను కర్మాగారమునకు పోవుట మానలేదు. 1991 మార్చి 21న మరణించెను.

మదీనాగూడలో నా శిష్యుడు మఱల పెట్టెను మూసి తీగ మీటెను. ఆ నాదము నా చెవికి కఠినముగనే తోచెను. బహుశః ఫెండరునకును తోచి యుండును. అయినను ఆతడు మూత బిగించి తాళము వేయలేదు. మనము బోధించు చదువును శిష్యుడు రేపు విప్పి, మనకు నచ్చని రీతిగ మార్చుకొనవచ్చును. అందుకు వీలుగా దానిని వరుసతో, స్పష్టముగ నమర్చి యిచ్చుటయే మన పని.