ప్లేగు సూక్ష్మజీవితో హత్య: పాకూర్ జమీందారు బినయేంద్ర పాండే

ద్వీపాంతర శిక్ష అనగానే అండమాన్, అక్కడి సెల్యులార్ జైలులో మగ్గిన స్వాతంత్ర్య సమరయోధులు గుర్తుకు వస్తారు. అదే శిక్ష 1936లో పూర్తిగా వేరైన నేరానికి బినయేంద్ర చంద్ర పాండేకు పడింది. ఆయన స్వాతంత్ర్యం కోసం కాక, ఆస్తి కోసం తమ్ముడిని చంపించారు. అందుకు వాడింది కత్తి కాదు, ప్లేగు సూక్ష్మజీవి.

నేటి జార్ఖండ్‌లోని పాకూర్ అప్పట్లో సంథాల్ పరగణాల్లోని సంపన్న జమీందారీ. బినయేంద్ర పెద్ద కుమారుడు. అమరేంద్ర సవతి తమ్ముడు. తండ్రి మరణం తర్వాత ఎస్టేటు పెత్తనం అన్న చేతిలోకి వచ్చింది. విలాసాలకు, వ్యసనాలకు ధనం హరించుకుపోతుండగా, యుక్తవయస్కుడైన తమ్ముడు తన వాటా కోరాడు. వైరం అక్కడ మొదలైంది.

1932లో దేవ్‌ఘర్‌లో షికారుకు వెళ్లినప్పుడు అన్న ఒక కళ్లజోడును తమ్ముడి ముక్కుపై బలంగా అదిమాడు. చర్మం చిట్లింది. కొద్ది రోజులకే అమరేంద్రకు ధనుర్వాతం సోకగా, సీరం చికిత్సతో ప్రాణం దక్కింది.

ఈ కథలో అసలు గమనించవలసింది బొంబాయి ఘట్టం. బినయేంద్రకు సహకరించిన తారానాథ్ భట్టాచార్య సూక్ష్మజీవ శాస్త్రం తెలిసిన వైద్యుడు. ప్లేగు కల్చర్ కావాలని 1932లో ఆయన బొంబాయిలోని హాఫ్కిన్ సంస్థను కోరారు. బెంగాల్ సర్జన్ జనరల్ అనుమతి లేనిదే ఇవ్వలేమని సంస్థ నిరాకరించింది. నిబంధన తన పని తాను చేసింది. అప్పుడు తారానాథ్ మరో దారి పట్టారు. ప్లేగుకు మందు కనుగొన్నానని, దాన్ని పరీక్షించాలని కలకత్తాలో ఒక వైద్యుణ్ణి నమ్మించి, 1933లో హాఫ్కిన్ సంస్థకు సిఫారసు లేఖ సంపాదించారు. ఆ వేసవిలో ఇద్దరూ బొంబాయి చేరి, సంస్థకు చెందిన ఇద్దరు పశువైద్యులకు లంచం ఆశ చూపారు. పరిశోధకులుగా కనిపించడానికి బజారులో ఎలుకలను సైతం కొన్నారు. చివరకు ఆర్థర్ రోడ్ అంటువ్యాధుల ఆసుపత్రి ప్రయోగశాలలో తారానాథ్‌కు ప్రవేశం లభించింది. దాదాపు ఐదు రోజుల తర్వాత, జూలై 12న, పని హఠాత్తుగా ఆపి ఇద్దరూ కలకత్తా తిరిగి వెళ్లారు. ఏ మందునూ పరీక్షించిన ఆధారం లేదు.

ప్రాణాలు కాపాడే పరిశోధన అన్న మాటే ఇక్కడ తలుపు తీసింది. ఎవరు పంపారన్నది చూశారు కానీ, ఏ ప్రయోగం, ఎందుకు, ఎంత పరిమాణంతో, మిగిలినది ఏమవుతుందన్నది గట్టిగా అడిగినట్టు కనిపించదు. మన దేశంలో ప్రమాదకర సూక్ష్మజీవుల వినియోగం, నిల్వలపై 1989లో నిబంధనలు వచ్చాయి. జీవాయుధాలను నిషేధించే అంతర్జాతీయ ఒడంబడిక 1975లో అమలులోకి రాగా, సామూహిక విధ్వంసక ఆయుధాలపై భారత్ 2005లో చట్టం చేసింది. లెప్టోస్పైరోసిస్ వంటి వ్యాధులపై శ్రీ విజయపురంలో (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) పనిచేసే ఐసీఎంఆర్ కేంద్రం సహా, రోగకారక జీవులతో మెలిగే ప్రతి ప్రయోగశాలకూ ఆ ప్రశ్నలు వర్తిస్తాయి. పత్రాలు సక్రమంగా ఉన్నంత మాత్రాన ఉద్దేశం సక్రమమని పరిశీలకులు భావించరాదు.

1933 నవంబర్ 26న హౌరా స్టేషన్‌లో ఖద్దరు ధరించిన ఒక పొట్టి వ్యక్తి అమరేంద్రను రాసుకుంటూ వెళ్లాడు. కుడి చేతిలో సూది గుచ్చుకున్నట్టయింది. అన్న అక్కడే ఉండి, అది పట్టించుకోదగ్గ విషయం కాదని ప్రయాణం కొనసాగేలా చూశాడు. మూడు రోజులకు తిరిగి కలకత్తా వచ్చిన అమరేంద్రకు జ్వరం ముదిరింది. డిసెంబర్ 4న, ఇరవై ఏళ్ల వయసులో, ఆయన మరణించారు. రక్త పరీక్షలో ప్లేగు సూక్ష్మజీవులు బయటపడినట్టు మరణం తర్వాతే తెలిసింది. మూడేళ్లుగా ప్లేగు కేసు లేని నగరమది.

1934 ఫిబ్రవరిలో అరెస్టులు మొదలయ్యాయి. విచారణ న్యాయస్థానం బినయేంద్రకు, తారానాథ్‌కు మరణశిక్ష విధించింది. 1936 జనవరిలో కలకత్తా హైకోర్టు దాన్ని యావజ్జీవ ద్వీపాంతర శిక్షగా మార్చింది. నిందితులైన మరో ఇద్దరు వైద్యులు ఆధారాలు చాలక విడుదలయ్యారు. హౌరాలో సూది గుచ్చిన వ్యక్తి మాత్రం దొరకలేదు.