దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు

ఆంగ్లికన్ సంఘములో బిషప్పు పదవి మిక్కిలి బాధ్యత గలది. గురువులకు అభిషేకమిచ్చుట, విశ్వాసులను స్థిరపరచుట, తన మండలములోని సంఘములను దర్శించి సరిదిద్దుట బిషప్పు విధులు. 1814లో కలకత్తా పీఠము ఏర్పడినది మొదలు దాదాపు నూరేండ్లు భారతదేశమున ఈ పదవి తెల్లవారికే దక్కెను. ఆ వరుసను మార్చినవారు వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు.

వారు 1874 ఆగస్టు 17న నాటి తిరునెల్వేలి జిల్లాలోని వెళ్ళాళన్‌విళై గ్రామమున, ఒక గురువు ఇంట జన్మించిరి. మాతృభాష తమిళము. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిచేసిరి. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు సొంత ధనముతో, సొంత మనుష్యులతో మిషనరీ సంఘమును స్థాపించుటకు వారు ముఖ్య కారకులు. ఆ సంఘము నైజాం రాజ్యములోని దోర్నకల్ ప్రాంతమున పని మొదలిడెను. 1909లో అజరయ్యగారు గురుపదవి స్వీకరించి, తామును అచ్చటికే వచ్చి తెలుగు నేర్చిరి.

మద్రాసు బిషప్పు వైట్‌హెడ్‌గారు వారిని బిషప్పుగా చేయదలచినప్పుడు అభ్యంతరములు లేచినవి. భారతీయుని అధికారమునకు తెల్ల మిషనరీలు లోబడుదురా యని పలువురు సంశయించిరి. స్వదేశీయులలోను కొందరు సమ్మతింపలేదు. అయినను 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెంట్ పాల్స్ కథెడ్రలునందు వారు అభిషిక్తులైరి.

దోర్నకల్ మండలములోని విశ్వాసులలో అధికులు మాల మాదిగ కూలిజనులు. బిషప్పుగారు ఎడ్లబండిపై పల్లె పల్లెకు పోయి, వారి నడుమ కూర్చుండి బోధించిరి. సంఘములో కులభేదములను సహింపలేదు. భార్య అన్బుగారు స్త్రీల నడుమ సేవచేసిరి. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ కథెడ్రలులో హిందూ దేవాలయ శిల్పమును, మహమ్మదీయ శిల్పమును కలిసి కనబడును.

మతాంతరీకరణ విషయమున గాంధీమహాత్మునితో వారికి అభిప్రాయభేదముండెను. అయినను క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని వాదించిరి. 1919లో తరంగంబాడి సభ మొదలు వివిధ సంఘముల ఐక్యతకై పాటుపడిరి. 1945 జనవరి 1న వారు కాలధర్మము చెందిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడుట చూచు భాగ్యము వారికి లేకపోయెను.

ముప్పది రెండేండ్లపాటు దేశమున మండలాధిపతియైన భారతీయ ఆంగ్లికన్ బిషప్పు వారొక్కరే. ఒక్కరికి తెరచిన తలుపు రెండవవానికి తెరువబడుటకు అంత కాలము పట్టెను. ఆ ఏకాంతమును వారు గొప్పగా చెప్పుకొనలేదు. పీఠమెక్కినవారు పల్లెకు దిగిరావలెనని తమ నడతచే చూపిరి. వారి పేరు నేటికిని తెలుగు పల్లెలలో నిలిచియుండుటకు అదియే కారణము.