వేదికే పుట్టిల్లు: సురభి కమలాబాయి

‘పాతాళభైరవి’లో తోటరాముడి తల్లి మనందరికీ గుర్తే. ఆమె తెలుగు టాకీల తొలి కథానాయిక సురభి కమలాబాయి అని మాత్రం చాలామందికి తెలియదు.

ఆమె జీవితం చెప్పాలంటే ముందు ఆ కుటుంబం గురించి చెప్పాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు ‘కీచక వధ’ ఆడించారు. ఆడవేషాలు మగవాళ్లే కట్టే కాలంలో సురభి వారు తమ ఇంటి ఆడవాళ్లనే వేదిక ఎక్కించారు. గోవిందరావు గారికి ముగ్గురు కొడుకులు, పదిమంది కూతుళ్లు. సంతానం పెరిగేకొద్దీ నాటక సమాజాలూ పెరిగాయి.

ఆ సమాజంలోనే 1907లో కమలాబాయి పుట్టారు. నిండు చూలాలైన తల్లి దమయంతి వేషంలో ఉండగా నొప్పులు వచ్చి, వేదిక మీదే ప్రసవించారని చెబుతారు. చిన్నతనంలో ప్రహ్లాదుడి వేషం కట్టిన ఆ పిల్లే, హెచ్.ఎం. రెడ్డి గారు బొంబాయిలో తీసిన ‘భక్త ప్రహ్లాద’లో ప్రహ్లాదుడి తల్లి లీలావతి అయ్యారు. 1932లో ఆ సినిమా విడుదలైంది. అదే ఏడాది ‘పాదుకా పట్టాభిషేకం’, ‘శకుంతల’ చిత్రాల్లోనూ నటించారు. 1971లో కన్నుమూశారు.

కోటబొమ్మాళిలో మా చదువు రోజుల్లో వార్షికోత్సవ నాటకాలకు ఆడవేషాలు మగపిల్లలమే కట్టేవాళ్లం. ఆడపిల్లలను ఇళ్లలో ఒప్పుకునేవారు కాదు. అప్పటికి నూరేళ్ల కిందటే సురభి తల్లులు కూతుళ్ల చేయి పట్టుకుని వేదిక ఎక్కించారు.

మన స్వర్ణోత్సవ వేదిక మీద మన ఆడపిల్లలు ఏ వేషం కట్టినా, ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొడదాం.