మూడోసారి పాసైన కుర్రాడే.. మెదడు ఇంధనం కనిపెట్టాడు!

పుస్తకం తెరిచి గంటైంది. ఇంకా అదే పేజీ. చదివిన లైనే మళ్లీ చదువుతున్నారు. మాక్ టెస్టులో పక్కవాడికి ఎన్ని మార్కులొచ్చాయో గుర్తుంది కానీ, నిన్న మీరు చదివిన చాప్టర్ గుర్తులేదు. రాత్రి నిద్ర పట్టదు, పొద్దున లేవాలనిపించదు. ఇంట్లోవాళ్లు దానికి పెట్టే పేరు బద్ధకం. కొన్నాళ్లకు అదే నిజమని మీరూ నమ్మేస్తారు. అవునా?

బీటెక్ అయ్యాక కాకినాడలో గది తీసుకుని పరీక్షలకు చదివిన రోజుల్లో నాదీ ఇదే పరిస్థితి. కోడ్‌లో ఎర్రర్ వస్తే లాగ్ తెరిచి కారణం వెతికేవాణ్ని. నా బుర్ర మొరాయిస్తే మాత్రం కారణం వెతక్కుండా నన్ను నేనే తిట్టుకునేవాణ్ని. అప్పుడు చదివిన ఒక జీవితం నా ఆలోచన మార్చింది. ఆయన మన డెల్టావాడే. పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

క్యాన్సర్ మందు, బోదకాలు మాత్ర, యాంటీబయోటిక్.. ఆయన గురించి మీరు ఇవన్నీ వినే ఉంటారు. ఇవాళ ఆయన్ని ఇంకో వైపు నుంచి చూద్దాం. సుబ్బారావు డిప్రెషన్ మీద పరిశోధన చేయలేదు. కానీ డిప్రెషన్, జ్ఞాపకశక్తి, మెదడు పనితీరు మీద ఇప్పుడు పరిశోధన చేసేవాళ్లు పదే పదే కొలిచే పదార్థాల్లో కొన్ని ఆయన చేతుల మీదుగా ప్రపంచానికి తెలిసినవే.

రెండుసార్లు తప్పారు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో నాలుగోవారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో పనిచేసి, ఆరోగ్యం బాగోక ముందుగానే ఉద్యోగం మానేశారు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు కాశీకి బయల్దేరారు, భక్తితో కాదు, అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదిద్దామని! తల్లి వెంకమ్మ వెనక్కి తీసుకొచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు.

రాజమండ్రిలో చదివే రోజుల్లో దగ్గరివాళ్లు జబ్బులతో చనిపోయారు. మెట్రిక్యులేషన్ ఒకసారి పోయింది. రెండోసారీ పోయింది. మూడో ప్రయత్నంలో మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి గట్టెక్కారు.

ఇక్కడొక్క నిమిషం ఆగండి. రెండుసార్లు తప్పిన ఆ బుర్రే తర్వాత హార్వర్డ్‌లో పీహెచ్‌డీ తెచ్చుకుంది. ఆయనకు డిప్రెషన్ ఉందని నేను అనడం లేదు. వందేళ్ల కిందటి మనిషికి ఇప్పుడు జబ్బు అంటగట్టడం తప్పు. అయితే ఎక్కువకాలం సాగే దుఃఖం, ఒత్తిడి జ్ఞాపకశక్తినీ ఏకాగ్రతనూ దెబ్బతీస్తాయని ఇవాళ్టి సైన్స్ చెబుతోంది. మార్కుల లిస్టులో అది కనిపించదు. ఫెయిల్ అన్న మాటొక్కటే కనిపిస్తుంది.

ఖద్దరు ఖరీదు.. ఒక డిగ్రీ

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక సుబ్బారావు రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం తీసుకుందామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. దాంతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి, కొందరు స్నేహితులు చదువుకు సాయం చేశారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో పెళ్లయింది.

గాంధీజీ పిలుపుతో సుబ్బారావు సర్జరీ వార్డులోనూ ఖద్దరే కట్టారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగా రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా తక్కువగా చూసే ఎల్ఎంఎస్. ప్రభుత్వ వైద్య సర్వీసులో చోటు దొరకలేదు. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పుకున్నారు.

ఇంతలో ఇంట్లో మరో దెబ్బ. ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్న తిండిలోని పోషకాలను పేగులు పీల్చుకోలేకపోవడమే ఈ జబ్బు. అప్పట్లో దానికి సరైన మందు లేదు. ఈ జబ్బు పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

కాకినాడ ఇచ్చిన మాట

అమెరికా వెళ్లి ఉష్ణమండల వ్యాధుల గురించి చదవాలనుకున్నారు. డబ్బు? ఇక్కడే మన ఊరు ముందుకొచ్చింది. బర్మాలో వ్యాపారం చేసి సంపాదించిన మల్లాడి సత్యలింగ నాయకర్ పేరు మీద కాకినాడలో నడిచే ధర్మనిధి ఆర్థిక సాయానికి మాటిచ్చింది. జగన్నాథపురంలో ఎంఎస్ఎన్ పేరుతో కాలేజీ బోర్డు చూస్తుంటారే, ఆ నాయకర్ గారే. మిగతా డబ్బు మామగారు సమకూర్చారు. 1922 అక్టోబరు 26న సుబ్బారావు బోస్టన్‌లో దిగారు.

ఆ ప్రయాణానికి అయిన ఖర్చు డబ్బు ఒక్కటే కాదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్లీ ఇండియాకు రాలేదు. గొప్ప జీవితం అని మనం చెప్పుకునే దాంట్లో ఈ లెక్కా ఉంది, దాచకూడదు.

రాత్రి వార్డు పని.. పగలు ల్యాబ్

మన డిగ్రీతో అక్కడ డాక్టరుగా పనిచేయడం కుదరలేదు. బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా చేరి రోగుల బెడ్‌పాన్లు శుభ్రం చేశారు. ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పూర్తిచేసి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర బయోకెమిస్ట్రీ పనిలో కుదిరారు.

1925లో వీళ్లిద్దరూ రక్తం, మూత్రాల్లో ఫాస్ఫరస్ ఎంతుందో రంగు చూసి కొలిచే పద్ధతి ప్రకటించారు. మీలో బయోకెమిస్ట్రీ వాళ్లు ల్యాబ్ రికార్డు తీయండి, ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని ఉంటుంది. అదే ఇది. కొలిచే సాధనం చేతికొచ్చాక కండరాల్లోకి తొంగిచూశారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. కండరం పనిచేయడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమంటూ అప్పటిదాకా చెప్పిన సిద్ధాంతాన్ని తిరగరాయాల్సి వచ్చింది. 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది.

వీటికీ మన బుర్రకూ సంబంధం ఏంటంటారా? ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టుకునే కరెంటు. ఫాస్ఫోక్రియాటిన్ అంటే ఇన్వర్టర్ బ్యాటరీ. ఏటీపీ తగ్గగానే క్షణాల్లో మళ్లీ నింపుతుంది. మన ఒంటి బరువులో మెదడు వాటా సుమారు 2 శాతం. కానీ మనం ఊరికే కూర్చున్నా ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో సుమారు 20 శాతం అదే తీసుకుంటుంది. మీరు చదివిన ప్రతి లైనూ, గుర్తుపెట్టుకున్న ప్రతి ఫార్ములా ఈ కరెంటు మీదే నడుస్తుంది.

ఇప్పుడు ఎంఆర్‌ఐ లాంటి యంత్రంతోనే, తల తెరవకుండా, బతికున్న మనిషి మెదడులో ఏటీపీ, ఫాస్ఫోక్రియాటిన్ ఎంతున్నాయో కొలవగలుగుతున్నారు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో ఈ శక్తి లెక్కలు తేడాగా ఉన్నట్టు కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. అన్నింట్లోనూ ఒకేలా రాలేదు. క్రియాటిన్ ఇస్తే మందుల ప్రభావం పెరుగుతుందా అని కూడా పరీక్షిస్తున్నారు. ఇంకా తేలలేదు. అందుకని జిమ్ షాపుకెళ్లి డబ్బా కొనేయకండి!

ఆకు పేరున్న విటమిన్

హార్వర్డ్‌లో సుబ్బారావుకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ కంపెనీ ల్యాబ్‌కు మారారు. కొద్దికాలానికే అక్కడి పరిశోధనల డైరెక్టరయ్యారు. ఆ బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేసింది. ఫోలియం అంటే లాటిన్‌లో ఆకు. పాలకూర నుంచి తీశారు కాబట్టి ఆ పేరు.

స్ప్రూ జబ్బు గుర్తుందా? ఉష్ణమండల స్ప్రూతో వచ్చే రక్తహీనతకు ఫోలిక్ యాసిడ్ మందుగా పనిచేసింది. తోడబుట్టినవాళ్లు పోయిన పాతికేళ్లకు ఆ జబ్బుకు మందు తెచ్చిన ల్యాబ్‌కు నాయకుడు ఆయనే.

ఫోలేట్ మెదడుకూ కావాలి. గర్భం దాల్చిన తొలివారాల్లో ఇది తగ్గితే బిడ్డ మెదడు, వెన్నుపాము సరిగా ఏర్పడకపోవచ్చు. గర్భిణులకు ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చేది అందుకే. పెద్దవాళ్లలో సెరటోనిన్, డోపమిన్ లాంటి రసాయనాలు తయారయ్యే దారిలో దీని అవసరం ఉంది. డిప్రెషన్ ఉన్నవాళ్లలో సగటున ఫోలేట్ తక్కువగా ఉన్నట్టు చాలా అధ్యయనాలు చూపించాయి. కొందరికి డాక్టర్లు మందులతో పాటు ఫోలేట్ రకం మాత్ర కూడా ఇస్తున్నారు. ఫోలేట్ తగ్గడం వల్లే డిప్రెషన్ వచ్చిందా, మనసు బాగోక తిండి మానేయడం వల్ల ఫోలేట్ తగ్గిందా అన్నది మనిషిని బట్టి చూడాల్సిన విషయం.

ఇంకో హెచ్చరిక. బీ12 లోపం ఉన్నవాళ్లు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తూనే నరాలు దెబ్బతినొచ్చు. సొంత వైద్యం వద్దు.

ఇదే ల్యాబ్ నుంచి బోదకాలుకు హెట్రజాన్, ఆరియోమైసిన్ యాంటీబయోటిక్, ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్ వచ్చాయి. అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల రక్తక్యాన్సర్‌ను కొంతకాలమైనా వెనక్కి నెట్టగలిగారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. తన పేరు ముందుకు తోసుకోవడం ఆయనకు రాలేదు. మన ప్రభుత్వం శతజయంతికి, 1995లో, తపాలా బిళ్ల వేసింది.

మీ బుర్రా ఒక అవయవమే

ఈ కథ నుంచి పట్టుదల ఒక్కటే తీసుకోమంటే నేను ఒప్పుకోను. పట్టుదల అందరూ చెబుతారు. నేను తీసుకుంది వేరే. ఆయన కండరాన్ని తిట్టలేదు, కొలిచారు. మెదడూ కాలేయం, గుండెల్లాంటి అవయవమే. ఇంధనం, నిద్ర, పోషకాలు తగ్గితే మొరాయిస్తుంది. జబ్బూ చేస్తుంది. అది మీ గుణం కాదు.

రెండు వారాలకు పైగా దిగులు, ఆసక్తి లేకపోవడం, నిద్ర తేడా, ఏకాగ్రత కుదరకపోవడం ఉంటే డాక్టరును కలవండి. హిమోగ్లోబిన్, బీ12, ఫోలేట్, థైరాయిడ్ పరీక్షలు అవసరమా అని అడగండి. పరీక్షలన్నీ మామూలుగా వచ్చినా మీ బాధ అబద్ధం కాదు. డిప్రెషన్‌కు కౌన్సెలింగ్, మందులు ఉన్నాయి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగొద్దు. ఈ రాత్రే చేయండి, గదిలో పక్కనున్నవాళ్లకూ చెప్పండి.

ఈ రంగమే మీకు నచ్చిందా? బయోకెమిస్ట్రీ వాళ్లకే కాదు, కోడింగ్, డేటా తెలిసినవాళ్లకూ ఇందులో పని ఉంది. మెదడు స్కాన్లంటే చివరికి డేటానే కదా. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్, బెంగళూరులో నిమ్‌హాన్స్ ఉన్నాయి. వాటి వెబ్‌సైట్లు ఒకసారి చూడండి.

అదీ రేపు. ఇవాళ్టికి ఆ పేజీ మూసేసి, ఇంత పప్పు, తోటకూర వేసుకుని అన్నం తిని పడుకోండి.